బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్: జో ఆ ఫోన్ తనంతట తనే ఎందుకు ఆన్ చేశాడు?

బెళ్లందూరు భాను:
ముందే చెప్తున్నా, కింద అంతా స్పాయిలర్లే. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ పూర్తి చేయనివాళ్లు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోండి. హెడ్డింగులోనే పేరు పెట్టేశావేంటని తిట్టొద్దు, 2013 మార్చిలో బ్రిటన్ ఛానెల్ ఐటీవీలో మొదలై ఏప్రిల్‌లో అయిపోయిన క్రైమ్ సిరీస్ ఇది, డానీ అనే పదకొండేళ్ల పిల్లాడి హత్య కథ.

వీకెండ్‌లో మా ఆయనతో కలిసి మళ్లీ చూశాను. మొదటిసారి హంతకుడు ఎవరా అన్న టెన్షన్‌లోనే కొట్టుకుపోయాం. ఈసారి ఎవరో తెలుసు కాబట్టి నా కళ్లన్నీ జో మిల్లర్ మీదే. ఒకప్పుడు పారామెడిక్, ఇప్పుడు ఉద్యోగం మానేసి చంటివాడు ఫ్రెడ్‌ని చూసుకుంటూ ఇంటిపట్టునే ఉంటున్నాడు. పెళ్లాం ఎల్లీ డిటెక్టివ్, పైగా ఈ కేసే చూస్తోంది. ఊరంతా అనుమానాలతో ఒకరినొకరు పీక్కుతింటుంటే ఇతని వైపు మాత్రం ఎవరూ వేలు చూపించరు. అంత భద్రంగా ఉన్నవాడు చివరి ఎపిసోడ్‌లో డానీ ఫోన్ తీసి ఆన్ చేస్తాడు. సిగ్నల్ పట్టుకుని, కేసు నడిపే డిటెక్టివ్ హార్డీ నేరుగా ఎల్లీ ఇంటి పెరట్లోకి వచ్చేస్తాడు. దాక్కుని దాక్కుని విసుగొచ్చిందన్నట్టు మాట్లాడతాడు జో. నాకు ఆ కారణం ఆనలేదు. మీకేమనిపించింది?

కేఆర్‌పురం కిట్టు:
నైజ్ వల్ల అక్కా, అదే డానీ నాన్న మార్క్ దగ్గర పనిచేసేవాడు. బీచ్‌లో శవాన్ని పెట్టింది నైజేనని ఆ ఊళ్లో ఉండే సూజన్ రైట్ చెప్పేసింది కదా. పోలీసులు అతన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టారు. తన నేరానికి ఇంకొకడు బలైపోతున్నాడని తట్టుకోలేకపోయి ఉంటాడు. ఎంతైనా మనిషే.

గిరినగర్ పిన్ని:
కిట్టూ, మరి జాక్ మార్షల్ సంగతేంటి నాయనా? పేపర్ల షాపు పెట్టుకుని, పిల్లలకి సీ బ్రిగేడ్ నడుపుకుంటూ ఒంటరిగా బతికే ముసలాయన. ఎప్పటిదో పాత కేసు తవ్వి పత్రికలవాళ్లు ఆయన పరువు బజార్న పడేశారు, ఊరి జనం మీద పడ్డారు, ఆయన ప్రాణం తీసుకున్నాడు. అప్పుడు నోరు విప్పని జో, నైజ్ కోసం విప్పుతాడా?

కేఆర్‌పురం కిట్టు:
అమ్మో, ఇది ఆలోచించలేదు పిన్నీ. నాకు జవాబు లేదు.

వైట్‌ఫీల్డ్ వాసు:
నేను చాలా రోజులుగా చెప్తున్న థియరీ మళ్లీ చెప్తాను, ఓపిగ్గా చదవండి. జో ఫోన్ ఆన్ చేసింది కొడుకు టామ్ కోసం.

టామ్ ఏం చేశాడో వరసగా చూడండి. డానీ చనిపోయాడని తెలియగానే గదిలో కూర్చుని వాడి నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ తుడిచేశాడు. తర్వాత లాప్‌టాప్ పగలగొట్టాడు. ఆ ముక్కలు పాస్టర్ పాల్ కోట్స్ చేతిలో పడి స్టేషన్‌కి చేరాయి. ఇద్దరి స్నేహం చెడిపోయిందని, టామ్ కోపంలో రాయకూడని మాటలు రాశాడని బయటపడింది. అంటే కేసు టామ్ మీదికి తిరుగుతోంది. ఫోన్ ఆన్ అయింది ఆ తర్వాతే. ముందు రోజుల్లో ఎన్నో అవకాశాలున్నాయి, జాక్ పోయినప్పుడూ ఉంది, పిన్నిగారు అన్నట్టు. అప్పుడు కదలనివాడు సొంత కొడుకు మీద నీడ పడగానే కదిలాడు.

దీనికి ఇంకో ఆధారం ఉంది. 2014లో అమెరికాలో ఇదే కథని ‘గ్రేస్‌పాయింట్’ అని పది ఎపిసోడ్లు తీశారు, అందులోనూ డిటెక్టివ్ మన హార్డీ పాత్ర వేసిన డేవిడ్ టెన్నంటే. అక్కడ ముగింపు మార్చారు. తండ్రిని కొట్టబోయిన టామ్ దెబ్బ పొరపాటున డానీకి తగులుతుంది, జో ఆ నేరం తన నెత్తిన వేసుకుంటాడు. ‘కొడుకుని కాపాడే తండ్రి’ అన్న విత్తనం అసలు కథలోనే ఉంది కాబట్టే అక్కడ అలా మొలిచింది.

విజయనగర్ వకీలు:
వాసుగారూ, రీమేక్‌లో రాసింది ఒరిజినల్‌కి సాక్ష్యం కాదండీ. ఏ కోర్టూ ఒప్పుకోదు.

వైట్‌ఫీల్డ్ వాసు:
ఇది కోర్టు కాదు కదా సార్, ఫ్యాన్ థియరీ.

హెచ్‌ఎస్‌ఆర్ హరి:
అందరికీ నమస్తే. నేను ఇప్పుడే మూడో ఎపిసోడ్‌లో ఉన్నా. మార్కే కదా చంపింది? తండ్రి ముఖంలోనే తెలిసిపోతోంది.

బెళ్లందూరు భాను:
హరీ! పైన మొదటి లైనే అది. వెళ్లు ఇక్కడినుంచి. స్క్రోల్ చేయకు.

సీమ సీను:
హరి పాపం, మార్క్ మీద పడటంలో తప్పేం లేదులే. నాకైతే ఈ సీజన్ మొత్తంలో జో కంటే మార్క్ ఉద్దేశమే ఎక్కువ పట్టుకుంది. కొడుకు హత్య జరిగిన రాత్రి నువ్వెక్కడున్నావంటే ఏదో ప్లంబింగ్ కాల్ వచ్చిందని అబద్ధం చెప్తాడు. నిజానికి కొండ మీద కారు పార్కింగ్‌లో హోటల్ ఓనరు బెకా ఫిషర్‌తో ఉన్నాడు. ఆ మాట చెప్పుకోలేక పోలీసులు అరెస్టు చేసినా నోరు మూసుకుని కూర్చుంటాడు. కన్నకొడుకుని చంపాడన్న అనుమానం మోయడానికి సిద్ధపడ్డాడు గానీ, పెళ్లాం బెత్ ముందు తప్పు చేసినవాడిగా నిలబడటానికి సిద్ధపడలేదు.

అనంతపురం దగ్గర పెరిగినోణ్ణి, నాకు అది అర్థమైంది. మా వైపు చిన్న ఊళ్లలో పోలీస్ స్టేషన్‌కి పోయి వచ్చినా జనం నాలుగు రోజులకి మర్చిపోతారు, ఇంకో ఇంటి ఆడమనిషితో పేరు కలిస్తే మాత్రం మనవళ్ల పెళ్లిచూపుల దాకా లాగుతారు. డోర్సెట్ తీరం అయినా అదే లెక్క. ఊరి భాగం సోమర్సెట్‌లోని క్లీవ్‌డన్‌లో, ఆ కొండా బీచూ డోర్సెట్‌లోని వెస్ట్ బేలో తీశారంట. ఆ కొండ చూస్తేనే భయమేస్తుంది, నిట్టనిలువుగా, పసుపు రంగులో.

జయనగర్ పద్మ టీచర్:
మార్క్ సంగతి వదిలిపెట్టకూడని కారణం ఇంకొకటి ఉంది సీనుగారూ. ఒకసారి మార్క్ డానీని పెదవి చిట్లేలా కొడతాడు. జో చెప్పినదాని ప్రకారం డానీ మొదట తన దగ్గరికి వచ్చింది ఆ దెబ్బ తిన్న తర్వాతే. ఆ ఒక్క చెంపదెబ్బ సందులోంచి జో లోపలికి దూరాడు.

స్కూల్లో పిల్లలతో ఉండేదాన్ని కాబట్టి నేను ఈ భాగాన్ని కాస్త వేరుగా చూస్తాను. అందరూ ‘జోకి డానీ అంటే ప్రేమట, కౌగిలించుకోవడం తప్ప ఏమీ చేయలేదట’ అని అతని మాటల్నే తిరగేసి చెప్తారు. జరిగినవి మాత్రం పక్కన పెట్టుకుని చూడండి. పదకొండేళ్ల పిల్లాడు. ఇంట్లోవాళ్లకి తెలియకుండా వాడి చేతికి ఐదు వందల పౌండ్లు. ఎవరికీ చెప్పకూడని కలయికలు. సొంత స్నేహితుడైన టామ్ నుంచి మెల్లగా దూరం. డబ్బు, రహస్యం, ఒంటరి చేయడం. పిల్లల్ని మెల్లగా వలలో వేసుకోవడం, గ్రూమింగ్ అంటే ఇదే. జో దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు, అంతే. డానీ ఇక చాలు, రానని చెప్పిన రాత్రే ఆ ప్రేమ గొంతు నులిమింది.

ఇంకో సంగతి. డానీ చనిపోయిన, కొండ మీది ఆ గుడిసెలో ఏం జరిగిందో మనం చూసిన ఫ్లాష్‌బ్యాక్ అంతా జో చెబుతుండగా వచ్చేదే. డానీ వైపు కథ చెప్పడానికి డానీ లేడు. డానీ కొండ అంచుకి పరిగెత్తాడు, నేనే వెనక్కి లాగాను అని జో అంటాడు. ఒక ప్రాణం కాపాడిన సీన్ తన కోసం పెట్టుకున్నాడు, గమనించారా? ఆ తర్వాతే చంపిన సీన్.

బెళ్లందూరు భాను:
పద్మగారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కొండ అంచు సీన్ నేను ఎప్పుడూ అలా చూడలేదు. కెమెరా చూపించింది కాబట్టి జరిగిందనే అనుకున్నా.

విజయనగర్ వకీలు:
పద్మగారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక మాట. ‘కౌగిలించుకున్నాను అంతే’ అన్నది మన దగ్గర డిఫెన్స్ కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం 2012లో వచ్చింది. అందులో 7వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో చేసిన శారీరక స్పర్శ ఏదైనా నేరమే. బట్టల మీద నుంచి తాకితే ఆ సెక్షన్ కిందికి రాదన్నట్టు బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పుని 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, చూడాల్సింది ఉద్దేశాన్ని అని చెప్పింది. పైగా ఆ ఉద్దేశం లేదని నిరూపించుకోవాల్సిన భారం 30వ సెక్షన్ కింద నిందితుడిదే. కాబట్టి జో వకీలు ఇక్కడైతే చెమటలు కక్కేవాడు.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి. హార్డీ ముందు జో ఒప్పుకున్నది మన కోర్టులో చెల్లదు. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదని 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే 23వ సెక్షన్. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే వాడుకోవచ్చు. ఇక్కడ ఫోన్ ముందే దొరికింది, ఒప్పుకోలు తర్వాత వచ్చింది. మన దగ్గర ఈ కేసు ఆ ఫోన్ మీదా, సూజన్ చీకట్లో చూసిన చూపు మీదా నిలబడాలి. ఆవిడ చూపు ఎంత గట్టిదో మనకి తెలుసు, జోని చూసి నైజ్ అనుకుంది.

కేఆర్‌పురం కిట్టు:
అందుకే రెండో సీజన్‌లో బయటపడ్డాడేమో సార్.

విజయనగర్ వకీలు:
అక్కడ కారణం వేరు బాబూ. ఎల్లీ కస్టడీలో ఉన్న మొగుణ్ణి కాళ్లతో తన్నింది, దాన్ని పట్టుకుని ఒప్పుకోలుని పక్కన పెట్టించారు. ఒప్పుకున్న తర్వాత కదా కొట్టింది అని నేనూ టీవీ ముందు అరిచాను. మా ఆవిడ సౌండ్ తగ్గించింది.

వైట్‌ఫీల్డ్ వాసు:
రెండో సీజన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి... జో కోర్టులో నేరం ఒప్పుకోడు. నాట్ గిల్టీ అంటాడు. నా థియరీకి అది దెబ్బ అని ఎవరైనా అనేలోపు నేనే చెప్తున్నా, అది దెబ్బ కాదు. టామ్ మీద అనుమానం పోయింది, ఇక తను బయటపడాలని చూశాడు.

గిరినగర్ పిన్ని:
దెబ్బే వాసూ. కొడుకు కోసం త్యాగం చేసినవాడు, ఆ కొడుకునే కోర్టు బోనెక్కించే దాకా పోనిస్తాడా? రెండో సీజన్‌లో ఆ పిల్లాడు తల్లి ముఖం చూడకుండా పిన్ని లూసీ ఇంట్లో ఉంటాడు, నాన్నే నిర్దోషి అని నమ్ముతూ. కొడుకు అలా నమ్ముతుంటే ‘లేదు నాన్నా, నేనే చేశాను’ అని ఒక్క మాట చెప్పలేదే. ఇదా కొడుకు మీద ప్రేమ?

నా లెక్క వేరు. కొడుకు కోసమో నైజ్ కోసమో అయితే తన కాళ్ల మీద తను నడిచి స్టేషన్‌కి పోవాలి, ఎంత దూరమని? పోలేదు. పెరటి షెడ్డులో నిలబడి ఫోన్ ఆన్ చేశాడు. వాళ్లే వచ్చి పట్టుకోవాలి. పట్టుకుంటే సరే, పట్టుకోకపోతే మళ్లీ ఆఫ్ చేసి రాత్రికి అన్నం తింటాడు. ఒప్పుకునే ధైర్యం లేదు, దాచే ఓపిక అయిపోయింది. నిర్ణయం ఎదుటివాడి మీదికి తోసేశాడు. కోర్టులోనూ అదే చేశాడు, జ్యూరీ మీదికి తోశాడు. గుడిసెలో ఏం చేశాడు? డానీ వెళ్లిపోతానంటే, అదిగో నీ వల్లే నేనిలా అయ్యాను అన్నట్టే ఉంది అతను చెప్పే తీరు. మనిషి మొదట్నుంచి చివరిదాకా ఒక్కటే.

సీమ సీను:
పిన్నీ, దండం. థ్రెడ్ ఇక్కడితో మూసేయొచ్చు.

బెళ్లందూరు భాను:
మూయకండి, అసలు ప్రశ్న ఇంకా ఉంది. ఎల్లీకి నిజంగా తెలియదా? మా ఫ్లోర్‌లో పక్కింటి కన్నడ ఆంటీ కూడా ఈ సిరీస్ చూశారు, లిఫ్ట్ దగ్గర గంటసేపు ఇదే వాదన. ‘పెళ్లాం పోలీసు, ఒకే మంచం, తెలియకుండా ఎలా ఉంటుంది’ అని ఆవిడ. నాకు కోపం వచ్చింది గానీ జవాబు చెప్పలేకపోయా.

కేఆర్‌పురం కిట్టు:
తెలిసి ఉండదు, కానీ తెలుసుకోవాలని కూడా అనుకోలేదేమో. డిటెక్టివ్ కదా, ఊళ్లో ప్రతివాడినీ ఆ రాత్రి ఎక్కడున్నావని అలిబీ అడిగింది, ఇంట్లో మొగుణ్ణి మాత్రం అడగలేదు.

జయనగర్ పద్మ టీచర్:
కిట్టూ, పోలీసులు టామ్‌ని ప్రశ్నలు అడుగుతున్నప్పుడు పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలని కూర్చోబెట్టింది ఎవర్నో గుర్తుందా? జోని. తల్లి కేసులో ఉంది కాబట్టి తండ్రి కూర్చున్నాడు. డానీతో గొడవ ఏమైనా ఉందా అంటే టామ్ అబద్ధం చెప్తాడు, పక్కనే హంతకుడు. హార్డీ ఎదురుగా ఉండి కూడా చూడలేదు. ఊరికి కొత్తవాడు, ఎవరి మీదా నమ్మకం లేనివాడు, అనుమానించడమే పనిగా పెట్టుకున్నవాడు. అతనికే కనపడలేదు. ఎల్లీని మాత్రం ఎందుకు అడుగుతున్నారు?

గిరినగర్ పిన్ని:
ఎందుకంటే ఆడది కాబట్టి అడుగుతారు పద్మా. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోరతను చిట్టీల డబ్బు ఎగ్గొట్టి పోతే జనం వచ్చి తలుపు కొట్టింది ఆయన భార్యని. ‘మొగుడు చేసేది నీకు తెలియదా’ అని. ఆవిడ పొద్దున ఆరున్నరకి కంపెనీ బస్సెక్కి రాత్రి ఎనిమిదికి దిగే మనిషి. ఔటర్ రింగ్ రోడ్డు మీద సగం జీవితం పోతుంది, మొగుడూ పెళ్లాం మాట్లాడుకునేది పాలవాడి లెక్కా, పిల్లల హోంవర్కూ.

ఈ సిరీస్ రాసిన క్రిస్ చిబ్నల్ ఈ ప్రశ్నని ఊరికే వదల్లేదు. సూజన్ రైట్ మొగుడు సొంత కూతుళ్లనే పాడు చేసిన మనిషి. అది విన్న ఎల్లీ, నీకు తెలియకుండా ఎలా ఉంటుందని సూజన్‌ని నిలదీస్తుంది, అసహ్యంగా చూస్తుంది. ఆఖరి ఎపిసోడ్‌లో బెత్ వచ్చి సరిగ్గా అదే ప్రశ్న ఎల్లీ ముఖాన కొడుతుంది. తను అడిగిందే తనకి తిరిగొచ్చింది, తన దగ్గరా జవాబు లేదు. ఎల్లీగా చేసిన ఒలివియా కోల్మన్ ఆ సీన్‌లో ఏడవదు కూడా, కుప్పకూలిన మనిషి నిలబడి ఉన్నట్టు ఉంటుంది. ఆవిడకి 2014లో బాఫ్టా అవార్డు ఉత్త పుణ్యానికి ఇవ్వలేదు.

విజయనగర్ వకీలు:
హార్డీ ఎల్లీకి చెప్పే సీన్ కూడా కలిపి చూడండి. ఇంటరాగేషన్ గదిలో కూర్చోబెట్టి చెప్తాడు. మొదట వినదు, తప్పు పట్టుకున్నావంటుంది, తర్వాత గది మూలకి పోయి కూలబడిపోతుంది. ఎల్లీకి ముందే తెలుసని అనేవాళ్లు ఆ నడక ఒక్కటి చూస్తే చాలు.

బెళ్లందూరు భాను:
హార్డీ గొంతు అక్కడ ఎంత మెత్తగా ఉంటుందో. అప్పటిదాకా ఆమెని ‘మిల్లర్’ అని ఇంటిపేరుతో కసిరేవాడు, అక్కడ మొదటిసారి ‘ఎల్లీ’ అంటాడు. మా ఆయన పాజ్ కొట్టి లేచి నీళ్లు తాగి వచ్చాడు.

ఆంటీకి ఏం చెప్పాలో దొరికింది. థాంక్యూ పిన్నీ.

సీమ సీను:
హార్డీ మెత్తదనానికి కారణం ఉంది. అంతకుముందు అతను చూసిన శాండ్‌బ్రూక్ కేసులో సాక్ష్యం పోగొట్టింది అతను కాదు, అతని భార్య. వేరేవాడితో ఉండగా ఆమె కారులోంచి సాక్ష్యమైన పెండెంట్ పోయింది. కూతురికి తల్లి సంగతి తెలియకూడదని నింద తన మీద వేసుకుని గుండె జబ్బు తెచ్చుకున్నాడు. భార్య ఏం చేస్తోందో తెలియని డిటెక్టివ్, మొగుడు ఏం చేశాడో తెలియని డిటెక్టివ్‌తో మాట్లాడుతున్నాడు. వాసు అన్నా, పిల్లల కోసం నింద మోసిన తండ్రి కావాలంటే ఈ కథలో హార్డీ ఉన్నాడు. జో కాదు.

వైట్‌ఫీల్డ్ వాసు:
అందరూ కలిసి నన్ను ఒంటరిని చేశారు, బాగుంది. అయినా ఒప్పుకోను. ఫోన్ ఆన్ అయిన టైమింగ్‌కి మీరెవరూ జవాబు చెప్పలేదు. ఓపిక అయిపోయిందంటే అయిపోయిందే అనుకుందాం పిన్నీ, సరిగ్గా టామ్ లాప్‌టాప్ స్టేషన్‌కి చేరిన తర్వాతే ఎందుకు అయిపోయింది?

గిరినగర్ పిన్ని:
ఆ లాప్‌టాప్‌లో తన గురించి ఏముందోనని భయం. ‘కొత్త ఫ్రెండ్ దొరికాడు’ అని డానీ టామ్‌కి చెప్పి ఉన్నాడు కదా. ఆ కొత్త ఫ్రెండ్ ఎవరో ఇవాళ కాకపోతే రేపు తేలుతుంది. కొడుకు మీద నీడ పడిందని నువ్వంటున్నావు, తన నీడే కనపడిందని నేనంటున్నా.

హెచ్‌ఎస్‌ఆర్ హరి:
నేనేం చదవలేదు, ఒట్టు. ఐదో ఎపిసోడ్ అయింది. మార్క్ కాదు. ఇప్పుడు నా డౌట్ పాస్టర్ మీద. రాత్రిళ్లు నిద్రపట్టదంటాడు, గుడిసె కనపడే చోట తిరుగుతాడు. ఎవరూ ఔనని కాదని చెప్పొద్దు.

కేఆర్‌పురం కిట్టు:
హరీ, నీకు దండం పెడతా, కళ్లు మూసుకుని వెళ్లిపో.

వాసు అన్నా, ఆ ఇంటర్వ్యూ సీన్ మళ్లీ చూశావా? టామ్ అబద్ధం చెప్పేముందు తండ్రి వైపు చూస్తాడా, హార్డీ వైపు చూస్తాడా అన్నది నాకు గుర్తులేదు. తండ్రి వైపు చూస్తే నీ థియరీకి కొంచెం ప్రాణం ఉన్నట్టే, ఎందుకంటే అప్పుడు టామ్‌కి ఏదో తెలుసు. రేపు పర్పుల్ లైన్ మెట్రోలో ఆఫీసుకెళ్తూ చూస్తా, సీటు దొరికితే.

వైట్‌ఫీల్డ్ వాసు:
సీటు ఎక్కడ దొరుకుతుంది, కాడుగోడి నుంచే నిండిపోయి వస్తుంది. నేనే శనివారం టీవీలో పెట్టి చూసి స్క్రీన్‌షాట్లు పెడతా. టామ్ కళ్లు ఎటు తిరిగాయో అప్పుడు మాట్లాడదాం.

బెళ్లందూరు భాను:
పెట్టు. కానీ స్పాయిలర్ ట్యాగ్ వేసి పెట్టు, హరి ఇక్కడే తచ్చాడుతున్నాడు.